అమ్మ సిద్ధం చేసుకున్న జవాబు

నేను పై పెదవి చీలి పుట్టాను. మా వైపు దాన్ని గ్రహణం మొర్రి అంటారు. ఐదేళ్ళ వయసులో పెద్దాసుపత్రిలో కుట్టారు గానీ, ఒక కుట్టు చీము పట్టి విడిపోయింది. పెదవి మీద పురికొసలాంటి మచ్చ, ఎడమవైపు అణిగిన ముక్కు మిగిలిపోయాయి. ఇరవై మూడేళ్ళు వచ్చి, బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరుగా చేరేనాటికి నాకో అలవాటు స్థిరపడింది. ఎడమచేత్తో పుస్తకం పట్టుకుని, కుడిచేతి వేళ్ళు ముక్కు కింద అడ్డం పెట్టుకుని పాఠం చెప్పేదాన్ని. బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకు వీపే కనిపిస్తుంది కాబట్టి గంటలో ముప్పావు గంట బోర్డు మీదే రాసేదాన్ని. మా క్లాసు పిల్లల చేతిరాత బాగుంటుందని హెడ్మాస్టరుగారు మెచ్చుకునేవారు. కారణం ఆయనకు తెలియదు.

ఒకరోజు స్టాఫ్ రూములో తెలుగు టీచరుగారు నా పక్కకు జరిగి, "గుడివాడలో ఒక నర్సింగ్ హోముకి బెజవాడ నుంచి ప్లాస్టిక్ సర్జన్ వస్తున్నారటండీ. నెలనెలా రెండో శనివారం. మా ఆడపడుచు కూతురికి కాలిన చెయ్యి బాగుచేశారు. మీరూ ఒకసారి చూపించుకోకూడదా?" అన్నారు. ఆవిడ మంచికే అన్నారు. నాకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. ఇన్నాళ్ళూ చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఎవరికీ కనిపించడం లేదనే వెర్రి నమ్మకం ఒకటి నాలో ఉండేదని అప్పుడే తెలిసింది. ఆవిడతో రెండు రోజులు ముభావంగా ఉన్నాను. మూడో రోజు స్కూలు వదలగానే ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి ఆ నర్సింగ్ హోముకు ఫోన్ చేశాను.

కౌంటరులో అమ్మాయి మూడు తెచ్చుకోమంది. మొదటి ఆపరేషన్ కాగితాలు, చిన్నప్పటి ఫోటోలు, మా అమ్మ.

"అమ్మ ఎందుకండీ? నాకు ఇరవై మూడేళ్ళు" అన్నాను.

"కడుపులో ఉన్నప్పటి సంగతులు మీకేం తెలుస్తాయండీ? అమ్మగారే చెప్పాలి. సారు అన్నీ అడుగుతారు."

ఇంటికి వచ్చి ఆ మాట యథాతథంగా అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట కింద పెట్టేసింది. "అన్నీనా?" అంది. మొహం పాలిపోయింది. ఆ పాలిపోవడం ఎందుకో తెలియాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

మేము బందరుకు వచ్చి పన్నెండేళ్ళే. అంతకుముందు కోడూరు అవతల, సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళం. వేట మా కులవృత్తి. అమ్మ కడుపుతో ఉండగా సూర్యగ్రహణం పట్టింది. గ్రహణం వేళ కడుపుతో ఉన్న మనిషి చీకటి గదిలో కదలకుండా పడుకోవాలి, ఏదీ కోయకూడదు, గిల్లకూడదు. నాయనమ్మ అమ్మను పాకలో పడుకోబెట్టి, తడిక బిగించి, పట్టుస్నానానికి సముద్రానికి వెళ్ళింది. అమ్మకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. పొద్దుటి నుంచి ఏమీ తిననివ్వలేదు. మూల గంపలో చందువా చేప ఉంది. కాసేపటికి తాటాకుల సందుల్లోంచి వెలుగు పడింది. గ్రహణం విడిచిపోయిందనుకుని అమ్మ లేచి, కత్తిపీట ముందు కూర్చుని చేప కోయడం మొదలుపెట్టింది. నాయనమ్మ తడిబట్టలతో తిరిగి వచ్చేసరికి చేప సగం తెగి ఉంది. గ్రహణం ఇంకా విడవలేదు.

నేను పుట్టాక మంత్రసాని నన్ను చేతిలోకి తీసుకుని నాయనమ్మ వైపు చూసిందట. నాయనమ్మ అమ్మ వైపు చూసిందట. ఆ చూపు ఇరవై మూడేళ్ళుగా మా ఇంట్లో ఉంది. నాకు పాలు ముక్కులోంచి వచ్చినా, పరీక్ష తప్పినా, ఒక పెళ్ళిసంబంధం వాళ్ళు కాఫీ తాగి మళ్ళీ కబురు పెట్టకపోయినా, నాయనమ్మ వసారాలో కూర్చుని ఆ చేప కథే ఎత్తేది. పదో తరగతిలో నేను సైన్సు పుస్తకం తెచ్చి, గ్రహణం అంటే నీడేనని అమ్మకు బొమ్మ గీసి చూపించాను. "ఆ పుస్తకం రాసినాయన తల్లి బుద్ధిగా పడుకునే ఉంటుందిలే" అంది అమ్మ.

అంతటితో అయితే సరిపోయేది. మొదటి ఆపరేషన్ అప్పుడు డాక్టరు అమ్మను ఏదో అడిగితే, భయంతో ఏమీ జరగలేదని చెప్పిందట. తర్వాత కుట్టు విడిపోయింది. డాక్టరు దగ్గర దాచింది కాబట్టే విడిపోయిందని నాయనమ్మ తీర్మానించింది. అమ్మ దాన్ని నమ్మింది. ఇప్పుడు రెండో డాక్టరు అన్నీ అడుగుతానంటున్నాడు. చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే కుట్లు నిలవవు. అమ్మ ఇరకాటం అదీ.

నా భయాలు నావి. రెండో శనివారానికి పదహారు రోజులుంది. ముందు కాగితాల కోసం ట్రంకు పెట్టె దించాం. ఉప్పెన వచ్చిన ఏడు తడిసిన కాగితాలన్నీ ఒకే ముద్దగా అతుక్కుని ఉన్నాయి. ఆసుపత్రి చీటీ ఏదో రేషన్ కార్డు ఏదో విడదీయలేకపోయాను. సరే, ఫోటోలైనా ఉన్నాయి కదా అనుకున్నాను. ఆరో తరగతి నుంచి హాల్ టికెట్ల దాకా తొమ్మిది ఫోటోలు దొరికాయి. వరసగా పెట్టి చూస్తే ఒక్కదానిలోనూ నేను లేను. మా స్టూడియో ఆయన, మేమంతా మావయ్య అనే వాళ్ళం, ప్రతి నెగెటివు మీదా పెన్సిలుతో టచింగ్ చేసి నా పెదవిని చక్కగా కలిపేశాడు. ముక్కు కూడా సరిచేశాడు. అడగకుండానే, అదనంగా ఏమీ తీసుకోకుండా, పన్నెండేళ్ళు.

స్టూడియోకి వెళ్ళి, "మావయ్యా, ఉన్నది ఉన్నట్టు ఒకటి తీసిపెట్టు. డాక్టరుకి చూపించాలి" అన్నాను.

ఆయన లైటు సరిచేస్తూ ఆగిపోయాడు. "ఉన్నది ఉన్నట్టేంటమ్మాయ్? నేను ఆడపిల్లలకి అట్టా తీయను" అన్నాడు. నేను పట్టుబడితే తీశాడు గానీ, ఫోటో చేతిలో పెట్టేటప్పుడు నా మొహం చూడలేదు. ఆ ఫోటో చూసి బజారులోనే ఏడుపొచ్చింది. అద్దంలో రోజూ చూసుకునే మొహమే అది. కాగితం మీద చూడటం అదే మొదటిసారి.

ఇక ఇంట్లో నా తయారీ మొదలైంది. డాక్టరు ఏం కావాలని అడుగుతాడు కదా, ఏం చెప్పాలి? ఒక కాగితం మీద రాసుకున్నాను. మచ్చ సన్నబడాలి, ముక్కు రంధ్రం సమానం కావాలి, పై పెదవికి ఒంపు రావాలి. రాసి చదువుకుంటే టైలరుకు జాకెట్టు కొలతలు చెప్పినట్టు అనిపించి చింపేశాను. ఇంకో కాగితం రాశాను. ఆరోజు పౌడరు వేసుకోవాలా, వద్దా? వేసుకుంటే దాస్తున్నానని అనుకుంటాడేమో. వేసుకోకపోతే మరీ ఘోరంగా కనిపిస్తానేమో. ఇవన్నీ కాక లోపల అసలు భయం ఒకటుంది. ఆయన టార్చి వేసి చూసి, "ఇంతకంటే ఏమీ చేయలేం" అంటే? ఇప్పటిదాకా ఎప్పుడో ఒకప్పుడు బాగవుతుందనే ఆశ ఉంది. ఆ మాటతో అదీ పోతుంది. వెళ్ళకపోతే ఆశ అలాగే ఉంటుంది కదా అని రెండుసార్లు మానుకుందామనుకున్నాను.

ఇటు అమ్మ తయారీ వేరు. నేను నోట్సులు దిద్దుకుంటుంటే ఎదురుగా వచ్చి కూర్చునేది.

"ఒకవేళ ఆయన, ఏమ్మా గ్రహణం పూట ఏం చేశావు అని అడిగితే, ఏం చెప్పమంటావే?"

"అడగడమ్మా."

"అడిగితే?"

"చేప కోశానని చెప్పు."

"చందువానని గూడా చెప్పాలా?"

నవ్వొచ్చేది, కోపమూ వచ్చేది. అమ్మ మాత్రం నవ్వలేదు. అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ పెదవులు కదుపుతూనే ఉంది. మా మూడో తరగతి పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు అమ్మ తన తప్పును వల్లించింది. "అప్పుడు నాకు చిన్నతనమండి. వెలుగు పడితే విడిచిందనుకున్నానండి. ఆకలేసిందండి." ఒక్కోరోజు ఆకలి మాట తీసేసేది. మర్నాడు మళ్ళీ చేర్చేది. ఒకసారి, "పడుకునే ఉన్నానండి అని చెప్పేస్తే?" అని నా వైపు చూసి, తనే, "వద్దులే, ఒకసారి చెప్పినందుకే నీకు ఇట్టా అయింది" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నాయనమ్మకు ఈ ప్రయాణం ఇష్టం లేదు. ప్లాస్టిక్ సర్జన్ అంటే మొహానికి ప్లాస్టిక్ అతికేవాడు కాదని ఆవిడకు నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. శనివారం బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి అమ్మతో, "ఈసారన్నా నిజం చెప్పు. పిల్ల బతుకుతో ఆటలాడమాక" అంది.

"చెప్తాలే అమ్మమ్మా" అంది అమ్మ.

అత్తగారిని అమ్మమ్మ అంటుందేమిటని కొత్తవాళ్ళు అడిగేవారు. మాకు అందులో వింతేమీ లేదు. నాయనమ్మ పెద్దకూతురి కూతురే మా అమ్మ. ఆ పెద్దకూతురు చనిపోతే, మూడేళ్ళ పిల్లను నాయనమ్మే తెచ్చి పెంచింది. పెరిగాక తన చిన్నకొడుక్కు, అంటే మా నాన్నకు ఇచ్చి చేసింది. మేనమామను చేసుకోవడం మా వాళ్ళలో మామూలే.

చిలకలపూడిలో పాసింజరు ఎక్కాం. పెడనలో బట్టల మూటలతో జనం ఎక్కి మమ్మల్ని కిటికీ వైపు నొక్కేశారు. అమ్మ కిటికీ ఊచ పట్టుకుని దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉంది. నేను చున్నీ కొసను ముక్కు దాకా లాక్కుని, నా కాగితం మడత విప్పి చదివి, మళ్ళీ మడత పెట్టాను. గుడివాడ వచ్చేసరికి ఆ కాగితం చెమటకు మెత్తబడి రాతలు అలుక్కుపోయాయి.

నర్సింగ్ హోములో గంటన్నర కూర్చోబెట్టారు. నా పేరు పిలిచినప్పుడు అమ్మ నాకంటే ముందు లేచింది.

డాక్టరుగారికి యాభై ఏళ్ళుంటాయి. తొందరలేని మనిషి. నా గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తి, టార్చి వేసి చూశారు. నవ్వమన్నారు. బుగ్గలు పూరించమన్నారు. ఈల వేయమన్నారు. ఆడపిల్లను ఈల వేయమంటే అమ్మ నేల చూపులు చూసింది. తర్వాత ఫోటోలు ఒక్కొక్కటే తిప్పి చూసి, "ఈ స్టూడియో ఆయన ఎవరో నాకంటే బాగా చేశాడే" అన్నారు. నేను నవ్వాను. నవ్వేటప్పుడు అలవాటుగా చెయ్యి పైకి లేచింది. ఆయన అది చూశారు.

"ఇంతకీ నీకేం కావాలమ్మా?"

కాగితం తీద్దామనుకున్నాను. కానీ నోటికి వచ్చింది వేరు. "పాఠం చెప్పేటప్పుడు చెయ్యి దించుకుని చెప్పాలండి" అన్నాను. అని, ఇరవై మూడేళ్ళ మనిషిని, టీచరును, ఆయన ముందు వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన టార్చి పక్కన పెట్టారు. ముక్కు చాలావరకు లేపొచ్చని, మచ్చ సన్నబడుతుందని, పూర్తిగా మాయం మాత్రం కాదని చెప్పారు. అద్దంలో నాకు తెలుస్తుంది గానీ నాలుగు అడుగుల దూరంలో ఉన్నవాళ్ళు పట్టించుకోరన్నారు. మా క్లాసులో మొదటి బెంచీ నాలుగు అడుగుల కంటే దూరమే.

అప్పుడు ఆయన కాగితం ముందుకు లాక్కుని అమ్మ వైపు తిరిగారు. అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కుర్చీ అంచుకు జరిగి, క్లాసులో పేరు పిలిచిన పిల్లలా నిటారుగా కూర్చుంది.

"ఈ అమ్మాయి ఎన్నో కాన్పమ్మా?"

"మొదటిదండి."

"కడుపుతో ఉన్నప్పుడు జ్వరాలేమైనా వచ్చాయా? ఏవైనా మందులు వాడారా?"

"లేదండి."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"లేదండి."

"మీదీ, మీ ఆయనదీ మేనరికమా?"

"అవునండి. మా మేనమామేనండి."

ఆయన రాసుకున్నారు. పెన్ను మూత పెట్టారు. అమ్మ ఇంకా చూస్తూనే ఉంది.

"అంతేనాండి?" అంది.

"అంతేనమ్మా."

"గ్రహణం గురించి అడగలేదండి మీరు."

నేను అమ్మ మోచెయ్యి పట్టుకుని లాగాను. అమ్మ విడిపించుకుంది. పదహారు రోజులు వల్లించిన జవాబు అది, చెప్పకుండా లేచి రావడం ఆమె వల్ల కాలేదు. చిన్నతనం, వెలుగు, ఆకలి, చందువా చేప, అన్నీ వరస తప్పకుండా చెప్పింది. మొదటి డాక్టరు దగ్గర దాచిన సంగతి కూడా చెప్పింది. చెప్పి, రెండు చేతులూ జోడించి, "ఈసారి నిజమే చెప్పానండి. కుట్లు నిలబడేట్టు చూడండి" అంది.

డాక్టరుగారు నవ్వలేదు. అందుకు ఆయన్ని ఎప్పటికీ మర్చిపోను. "అప్పుడు మీకు ఎన్నో నెలమ్మా?" అని మాత్రం అడిగారు.

"ఐదు నిండుతున్నాయండి."

"పెదవి రెండు మూడు నెలల్లోనే తయారైపోతుందమ్మా. కలిసినా, కలవకపోయినా అప్పుడే. మీరు చేప కోసేనాటికే ఈ అమ్మాయి పెదవి ఇలాగే ఉంది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధం లేదు. ఆ కుట్టు విడిపోవడం చీము పట్టి, అంతే."

అమ్మ వేళ్ళు మడిచి నెలలు లెక్క వేసుకుంది. సైన్సు పుస్తకం, నా బొమ్మ చేయలేని పని ఆ లెక్క చేసింది. "మరి దేనివల్లండి?" అని అడిగింది.

"ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు. చాలామందికి ఏ కారణమూ దొరకదు. మేనరికాల్లో కొంచెం ఎక్కువగా చూస్తుంటాం. అందుకే అడిగాను. మీ విషయంలో అదేనని నేననను" అన్నారు.

స్టేషనుకు నడిచి వస్తుంటే అమ్మ ఇంకా వేళ్ళు మడిచి నెలలు లెక్కపెడుతూనే ఉంది. నేను మాత్రం గాల్లో తేలుతున్నాను. నా ముక్కు గురించి కాదు. ఇంటికి వెళ్ళగానే నాయనమ్మకు ఎలా చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఇరవై మూడేళ్ళ బాకీ తీర్చేయాలని నా నోరు దురదపెడుతోంది. పెళ్ళి చేసింది ఎవరు, మాట పడింది ఎవరు, అని మొదలుపెడదామనుకున్నాను.

మేము గుమ్మం ఎక్కేసరికి నాయనమ్మ వసారాలో కాచుకుని ఉంది. "ఏమన్నాడు? గ్రహణం సంగతి అడిగాడా?" అంది.

నేను నోరు తెరిచేలోపే అమ్మ, "అడిగారమ్మమ్మా. చేప కోశానని చెప్పేశాను" అంది.

"చెప్పావుగదా. ఇంక కుట్లు నిలబడతాయిలే" అంది నాయనమ్మ. ఆవిడ మొహం తేటపడింది. అమ్మను దగ్గరికి పిలిచి, ఎండలో వచ్చావు మజ్జిగ తాగమంది.

వంటింట్లోకి వెళ్ళి అమ్మను నిలదీశాను. "నీకేమన్నా పిచ్చా? ఆయన ఏం చెప్పారు, నువ్వేం చెప్తున్నావు? ఇన్నేళ్ళు నిన్ను అంతలేసి మాటలంది!"

"మెల్లగా మాట్లాడవే. అంటే అంది. మా అమ్మ పోయిన రోజు నన్ను చంకనేసుకుంది గూడా అదే. ఆ మేనరికం మాట దాని చెవిన పడితే ఇంక అన్నం ముట్టదు. దాని దగ్గర ఎప్పుడూ అనమాక."

"మరి నీ సంగతి?"

"నాకు తెలిసింది గదా. నాకు చాల్లే" అంది అమ్మ.

నాకు చాల్లేదు. నెల రోజులు నాయనమ్మతో మొహమిచ్చి మాట్లాడలేదు. మాట ఎక్కడ జారుతుందోనని నాకే భయం. ఆపరేషన్ రోజు వచ్చింది. నేనూ వస్తానని నాయనమ్మ పట్టుబట్టింది. గుడివాడలో నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. ఒక పక్క అమ్మ, ఇంకో పక్క నాయనమ్మ. నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చి, పేరు, వయసు రాసుకుని, "అమ్మానాన్నలది మేనరికమా?" అని అడిగింది.

అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి. మేనరికం వల్లే ఇలా అవుతుందని నర్సు అనేస్తుందేమోనని నేను ఆమె పెన్ను వైపే చూస్తున్నాను.

"మేనరికమేనమ్మా" అంది నాయనమ్మ, అడిగిందే చాలన్నట్టు ముందుకు వంగి. "తల్లి లేని పిల్ల. పరాయింట్లో ఏం పెడతారో, ఏం కొడతారో! పంపలేకపోయాను. అందుకే నా కొడుక్కే చేసుకుని నా కళ్ళెదుటే ఉంచుకున్నాను."

నర్సు తలెత్తకుండా రాసుకుని, మందులేవైనా పడవా అని అడిగింది. పడకపోవడమేమీ లేదని నేను చెప్పాను. అమ్మ నా చెయ్యి వదిలి, నాయనమ్మ భుజం మీద నుంచి జారిన కొంగు సర్దింది.